కాటా గదిలో కంప్యూటర్

రామగుండం, గోదావరిఖని రోడ్ల మీద బొగ్గు లారీ తోలేవాళ్లను ఎవరినైనా అడగండి, రోజులో కాలమంతా ఎక్కడ పోతుందని. కాటా దగ్గర అంటారు. ఖాళీ బండి ఒకసారి కాటా ఎక్కాలి, నిండిన బండి ఇంకోసారి ఎక్కాలి. రెండు బరువుల తేడాయే బొగ్గు. ఆ తేడా చీటీ మీద అచ్చయి చేతికొస్తే తప్ప బండి గేటు దాటదు. అన్నీ సవ్యంగా ఉంటే బండికి రెండు మూడు నిమిషాల పని. కాటా గదిలో కంప్యూటర్ మొరాయించిందా, బండ్ల వరుస రోడ్డు దాకా పాకుతుంది, హారన్లు మొదలవుతాయి, లోపల కూర్చున్న కుర్రాడికి చెమటలు పడతాయి.

ఈ ప్రసంగం ఆ గదిలో కంప్యూటర్ గురించి. పెద్ద పెద్ద సర్వర్ల గురించి కాదు, ఈమధ్య అందరి నోటా నలుగుతున్న కృత్రిమ మేధ గురించీ కాదు. బొగ్గు దుమ్ములో ఒక మూల కూర్చుని పొద్దస్తమానం ఒకే ఒక్క పని చేసే కంప్యూటర్‌ను ఎలా తయారు చేసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం అన్నది విషయం. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇందులో కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను.

కాటా గదిలో జరిగేది చాలా చిన్న పని. కాటా పళ్లెం కింద లోడ్ సెల్స్ ఉంటాయి, అవి బరువును పసిగడతాయి. ఇండికేటర్ అనే పెట్టె దాన్ని అంకెగా మార్చి తీగ గుండా కంప్యూటర్‌కు పంపుతుంది. కంప్యూటర్ ఆ అంకెను బండి నంబరు పక్కన రాసుకుని ప్రింటరుకు ఇస్తుంది. అంతే. ఈ పనికి ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ కూడా ఎక్కువే. కానీ మనం అంగట్లో కొని తెచ్చేది అన్ని పనులూ వచ్చిన కంప్యూటర్. దానికి సినిమా వేయడం వచ్చు, ఆటలు వచ్చు, ఇంటర్నెట్‌లో తిరగడం వచ్చు. ఆ వచ్చిన విద్యలన్నీ కాటా గదిలో దానికి శత్రువులు.

షిఫ్టు మారే వేళ, బండ్లు బారులు తీరిన వేళ, అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంటూ తెర నీలంగా నిలబడిపోతుంది. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి ఎవరో పాటల పెన్‌డ్రైవ్ పెడతారు, పాటలతో పాటు వైరస్ దిగుతుంది. షిఫ్ట్ మీట ఐదుసార్లు వరసగా తగిలితే స్టిక్కీ కీస్ పెట్టాలా అని ఒక ప్రశ్న లేస్తుంది, దానికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. వీటన్నిటికంటే దొంగది ఇంకొకటుంది. గది ఊడ్చేటప్పుడు ఎవరో కాటా తీగ పీకి, మళ్లీ పెట్టేటప్పుడు పక్క రంధ్రంలో పెడతారు. అప్పటిదాకా ఆ తీగను కామ్ 3 అని పిలిచిన కంప్యూటర్ ఇప్పుడు కామ్ 5 అంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం కామ్ 3 దగ్గరే ఎదురుచూస్తుంది. కాటా మీద ముప్పై టన్నుల బండి నిలబడి ఉంటుంది, తెర మీద సున్నా. అక్కడ ఎవరు ఉంటే వాణ్ణి తిడతారు. పీకినవాడు ఆ సరికి ఇంటికి వెళ్లి ఉంటాడు.

దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఆ పనికోసమే పుట్టిన యంత్రం తయారు చేయడం. రెండు, అన్నీ వచ్చిన కంప్యూటర్‌ను ఒక్క పనికి కట్టేయడం. రెండిటికీ మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి.

మొదటి దారికి ఉదాహరణ మీరందరూ వేలితో నొక్కిందే, ఓటింగ్ యంత్రం. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా తెలియనివాళ్లుండరు. 1967లో అక్కడ పెట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను మొదట నడిపింది డాక్టర్ ఏ.ఎస్.రావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. అది అన్ని పనులకూ పనికొచ్చే కంప్యూటర్. పదేళ్ల తర్వాత, 1979లో, అదే సంస్థ ఒక్క పనికి మాత్రమే పనికొచ్చే యంత్రం నమూనా తయారు చేసింది. 1982 మేలో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో దాన్ని మొదటిసారి వాడారు. చట్టంలో లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల్లో జరిగిన పోలింగ్‌ను కొట్టేసింది. 1988లో చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఆ యంత్రాల మీదే ఓటు వేసింది. ఈసీఐఎల్‌తో పాటు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాటిని తయారు చేస్తుంది.

ఆ యంత్రంలో విండోస్ లేదు, లినక్స్ లేదు. ప్రోగ్రాం చిప్‌లోనే ఒక్కసారే ముద్ర వేసినట్టు ఉంటుంది, తిరిగి రాయడానికి వీల్లేదు. దానికి ఇంటర్నెట్ లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది. చేసేది లెక్కపెట్టడం. ఇంకేదీ చేయించలేం, అదే దాని గొప్పతనం.

అయితే ఒక్క పని అని గిరి గీశాక ఆ గిరి ఎంత వెడల్పు ఉండాలన్నది కూడా ముందే ఆలోచించాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పసుపు, ఎర్రజొన్న ధరల కోసం రైతులు వరసపెట్టి నామినేషన్లు వేశారు. చివరికి 185 మంది బరిలో మిగిలారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలే ఉంటాయి. పాత రకం యంత్రానికి అలాంటివి నాలుగే తగిలించవచ్చు, అంటే 64 పేర్లు. ఇక మళ్లీ కాగితం బ్యాలెట్టేనా అనుకున్నారు. కానీ కొత్తగా వచ్చిన ఎం-3 రకానికి 24 యూనిట్లు తగిలించవచ్చు. నిజామాబాద్‌లో 12 యూనిట్లు వరసగా పేర్చి ఎన్నిక జరిపించారు. రైతులు యంత్రాన్ని ఓడించడానికి చేసింది కాదది. కానీ యంత్రం హద్దు ఎక్కడుందో వాళ్ల నామినేషన్లు చూపించాయి.

రెండో దారి ఏటీఎం. లోకంలో మొదటి ఏటీఎం 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడలో పెట్టారు. మన దేశానికి 1987లో వచ్చింది, ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు పెట్టింది. మొదట్లో అవి ప్రత్యేకంగా కట్టిన యంత్రాలే. పోనుపోను బ్యాంకులు లోపల మామూలు కంప్యూటర్ పెట్టడం మొదలుపెట్టాయి. గోదావరిఖని ప్రధాన చౌరస్తాలో మీరు డబ్బు తీసుకునే ఏటీఎం తలుపు తెరిస్తే లోపల ఉండేది మీ ఆఫీసు బల్ల కింద ఉండేలాంటి డబ్బానే. దాని మీద విండోస్, విండోస్ మీద ఒకే ఒక్క కార్యక్రమం, తెరంతా అదే. మనకు స్టార్ట్ బటన్ కనబడదు కాబట్టి అది కంప్యూటర్ అనిపించదు. అప్పుడప్పుడు ఏటీఎం తిరిగి మొదలవుతున్నప్పుడు విండోస్ గుర్తు కనబడుతుంది చూడండి, గుట్టు బయటపడేది అప్పుడే.

కట్టేయడం సరిగా చేయకపోతే ఏమవుతుందో కూడా ఏటీఎంలే నేర్పాయి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కూడా చాలా ఏటీఎంలు దాని మీదే నడిచాయి. చివరికి 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టి ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. విండోస్ కంటే ముందు లేచే బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టండి, యూఎస్‌బీ రంధ్రాలు మూసేయండి, ఏదైనా తగిలించగానే దానంతట అది మొదలయ్యే ఆటోరన్ తీసేయండి, ఇవి ఆగస్టుకల్లా కావాలి. అనుమతించిన ప్రోగ్రాంలు తప్ప మరేదీ నడవకుండా చేయడం 2019 మార్చికి, పాత విండోస్ అంతా తీసేయడం 2019 జూన్‌కు. ఈ ఉత్తర్వులో ఏటీఎం అన్న చోట కాటా అని పెట్టి చదువుకుంటే మనకు కావాల్సిన సగం పని అందులోనే ఉంది.

మిగతా సగం చెబుతాను. కొంచెం శ్రద్ధగా వినండి, కాగితం పెన్ను దగ్గరుంటే మంచిది.

విండోస్ మొదలై, పేరు పాస్‌వర్డ్ దాటాక, అది ఒక ప్రోగ్రాంను పిలుస్తుంది. దాని పేరు ఎక్స్‌ప్లోరర్. డెస్క్‌టాప్, కింద పట్టీ, స్టార్ట్ బటన్, ఇవన్నీ గీసేది అదే. చాలామంది అదే విండోస్ అనుకుంటారు. నిజానికి అది కూడా ఒక ప్రోగ్రామే, దాని చోట ఇంకొకదాన్ని కూర్చోబెట్టవచ్చు. ఎక్స్‌ప్లోరర్ బదులు కాటా సాఫ్ట్‌వేర్ పేరు రాసిపెడితే కంప్యూటర్ తెరవగానే సరాసరి కాటా తెరే వస్తుంది. డెస్క్‌టాప్ దాక్కోవడం కాదు, అసలు పుట్టనే పుట్టదు. పాత విండోస్ 3.1 రోజుల నుంచీ ఈ సౌకర్యం ఉంది. 2013లో విండోస్ 8.1తో అసైన్డ్ యాక్సెస్ అనే పేరుతో దీని తమ్ముడి లాంటిది ఒకటి వచ్చింది కానీ, అది స్టోర్ నుంచి వచ్చే యాప్‌లకే పనికొచ్చేది. మన కాటా సాఫ్ట్‌వేర్లు ఆ రకం కావు. షెల్ లాంచర్ అని ఇంకొకటుంది, దానికి ఎంటర్‌ప్రైజ్ విండోస్ కావాలి. మామూలు ప్రో విండోస్ ఉన్నవాళ్లకు గ్రూప్ పాలసీలో కస్టమ్ యూజర్ ఇంటర్‌ఫేస్ అనే చోటుంది. కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లకు ఈ మాట చెప్పండి, వెతికి పట్టుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కాటా సాఫ్ట్‌వేర్ ఏదో తప్పుతో మూసుకుపోయిందనుకోండి. కింద డెస్క్‌టాప్ లేదు కాబట్టి నల్లటి తెర మిగులుతుంది. కుర్రాడు నొక్కడానికి ఏమీ ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్‌ను సూటిగా పెట్టకుండా, దాన్ని పిలిచి, అది మూసుకుపోతే మళ్లీ పిలిచే నాలుగు వాక్యాల చిన్న స్క్రిప్ట్‌ను అక్కడ పెట్టాలి. పడితే లేపుతుంది, మళ్లీ పడితే మళ్లీ లేపుతుంది. లినక్స్ వాడేవాళ్లకు ఇది ఇంకా సులువు, సిస్టమ్‌డీలో ఒక వాక్యం రాస్తే ఆ పని అదే చూసుకుంటుంది. లినక్స్‌లో అసలు డెస్క్‌టాప్ వేయనవసరమే లేదు, కేజ్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్క కిటికీని తెరంతా పరిచి కూర్చుంటుంది. పంజరం అనే దాని పేరు.

రెండు ఖాతాలు పెట్టాలి. రోజూ నడిచే ఖాతాకు ఏ అధికారమూ ఉండకూడదు. ఏదైనా మార్చాలంటే రెండో ఖాతా కావాలి, దానికి పాస్‌వర్డ్ ఉండాలి. బయోస్‌లో ఒక అమరిక ఉంటుంది, కరెంటు పోయి వస్తే దానంతట అదే మొదలవమని. అది పెట్టకపోతే కరెంటు వచ్చాక ఎవరో ఒకరు వంగి బటన్ నొక్కాలి, కంప్యూటర్ డబ్బాకు తాళం వేసి ఉంటే అదీ కుదరదు. డబ్బాకు తాళం అన్నాను కదా, తాళం వేసే పెట్టెకు గాలి రంధ్రాలు, రంధ్రాలకు జాలీ తప్పనిసరి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. గాలి ఆడని ఇనుప పెట్టెలో కంప్యూటర్ పెట్టడమంటే దాన్ని వేయించడమే. జాలీని బొగ్గు దుమ్ము వారంలో మూసేస్తుంది, దాన్ని దులపాలని గోడ మీద రాసిపెట్టండి.

యూఎస్‌బీ రంధ్రాలు మూయాలి అన్నప్పుడు జిగురు పోసి మూసినవాళ్లను చూశాను. కీబోర్డు ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచించారు. పెన్‌డ్రైవ్‌ను గుర్తించకుండా చేసి కీబోర్డును, ప్రింటరును మాత్రం గుర్తించేలా అమర్చవచ్చు. ఈ పెన్‌డ్రైవ్ భయం చాదస్తం కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే పురుగు ఇంటర్నెట్ లేని కర్మాగారాల్లోకి కూడా పెన్‌డ్రైవ్ మీద ఎక్కే వెళ్లింది. కామ్ 3, కామ్ 5 గొడవకు కూడా మందు ఉంది, ఆ తీగకు మారని పేరు ఇవ్వవచ్చు. అంతకంటే ముందు ఒక ప్లాస్టిక్ పట్టీతో తీగను డబ్బాకు బిగించి కట్టండి.

రైట్ ఫిల్టర్ అని ఇంకో సంగతి ఉంది, ఇది నాకు ఇష్టమైనది. దీన్ని పెడితే డిస్కు మీద రాసేదంతా నిజంగా డిస్కు మీద పడదు, తాత్కాలికంగా మెమరీలో ఉంటుంది. ఎవరైనా ఏదైనా పాడుచేస్తే ఒకసారి ఆపి తెరిస్తే చాలు, కంప్యూటర్ మొదటి రోజు ఎలా ఉందో అలా లేస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయినా డిస్కు చెడదు. చిన్న రాస్‌ప్బెర్రీ పై కంప్యూటర్లలో కూడా ఇది ఉంది. కానీ తూకం లెక్కలు కూడా అందులోనే రాస్తుంటే? కరెంటు పోగానే పొద్దుటి నుంచి తూచిన బండ్లన్నీ గాలిలో కలుస్తాయి. సిస్టం ఒక భాగంలో, లెక్కలు ఇంకో భాగంలో పెట్టి మొదటి దానికి మాత్రమే ఫిల్టర్ వేయాలి. ఈ తేడా తెలియకుండా ఫిల్టర్ వేసేవాళ్లను ఆ గదికి రానివ్వకండి.

గడియారం గురించి ఎవరూ ఆలోచించరు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే కంప్యూటర్ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. మామూలు కంప్యూటర్ అయితే ఎవరో ఒకరు మూల గడియారం చూసి సరిచేస్తారు. కట్టేసిన కంప్యూటర్‌లో మూల గడియారమే లేదు. చీటీల మీద పదేళ్ల కిందటి తేదీ పడుతుంది, ఆడిట్ వాళ్లు వచ్చేదాకా ఎవరూ చూడరు. అందుకే కాటా తెర మీదే తేదీ, సమయం పెద్ద అక్షరాల్లో కనబడాలి.

కట్టేయడం వల్ల కొత్త కష్టాలు వస్తాయని దీంతో మీకు తెలిసే ఉంటుంది. ఒక చోట జరిగింది చెబుతాను, ఎక్కడో చెప్పను. ఒక కుర్రాడు చాలా శ్రద్ధగా కంప్యూటర్‌ను కట్టేశాడు. అన్నిటికీ పాస్‌వర్డులు పెట్టాడు. వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఏడాది తర్వాత ప్రింటరు మార్చాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, కుర్రాడి ఫోను నంబరు మారిపోయింది. చివరికి డిస్కు తుడిచి కొత్తగా వేశారు, పాత లెక్కలు పోయాయి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, పెద్దాయన బీరువాలో పెట్టండి. కంప్యూటర్ భద్రత చదివినవాళ్లు కాగితం మీద రాయకూడదంటారు. వాళ్లు బండ్ల వరుస చూడలేదు.

కట్టేసే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, నా లెక్కలో మొత్తంలో అదే ముఖ్యం. ఒక షిఫ్టు మొత్తం కాటా గుమస్తా పక్కన కూర్చోవాలి. అతను ఏం చేస్తాడో చూడాలి. కాటా ప్రోగ్రాంతో పాటు అతనికి కాలిక్యులేటర్ కావాలి, ఎందుకంటే డ్రైవరుతో లెక్క తేల్చాలి. ప్రింటరు కాగితం చిక్కుకుపోతే అదే చీటీ మళ్లీ తీయాలి. బండి నంబరు తప్పు కొడితే దిద్దాలి. ఈ దిద్దే అవకాశం ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసా? తప్పు నంబరుతో చీటీ వెళ్లిపోతుంది, పక్కన పెన్నుతో కొట్టేసి రాస్తారు, మీ కంప్యూటర్ లెక్క ఒకటి, కాగితం లెక్క ఇంకొకటి అవుతుంది. దిద్దనివ్వండి, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో దానంతట అది రాసుకునేలా పెట్టండి. తాళం కంప్యూటర్‌కు వేస్తున్నాం, గుమస్తాకు వేయడం లేదు. దొంగతనం ఆపాలని కంప్యూటర్‌ను కట్టేసే యజమానులున్నారు. వాళ్లకు నా సలహా, దొంగతనం కాటా పళ్లెం మీద జరుగుతుంది, ఒక చక్రం పళ్లెం బయట నిలబెట్టి. దానికి కెమెరా కావాలి, కట్టేసిన కంప్యూటర్ కాదు.

నిజామాబాద్ పన్నెండు యూనిట్ల కథ ఇక్కడ మళ్లీ వస్తుంది. కొన్ని కాటా సాఫ్ట్‌వేర్లలో బండి నంబరు మొదటి రెండు అక్షరాలు జాబితా నుంచి ఎంచుకోవాలి. కొట్టడంలో తప్పులు రాకుండా పెట్టిన మంచి ఏర్పాటే. 2014 దాకా ఏపీ ఉంటే చాలు, పక్కన మహారాష్ట్ర బండ్లకు ఎంహెచ్ ఒకటి. ఆ ఏడాది టీఎస్ వచ్చింది, చేర్చారు. 2024 మార్చిలో టీజీ వచ్చింది. కట్టేసిన కంప్యూటర్‌లో జాబితా మార్చే అధికారం గుమస్తాకు లేదు, ఉన్నవాడికి తెలియదు, తెలిసినవాడు రావడానికి రోజులు పట్టింది. అప్పటిదాకా కొత్త టీజీ బండ్లు టీఎస్ పేరుతోనే తూగాయి. జాబితా చివర ఇతరములు అని ఒక గడి పెట్టి ఉంటే సరిపోయేది.

కాటా దగ్గర ఒక రోజు లెక్క తప్పితే డబ్బు పోతుంది. బాయిలో, అంటే బొగ్గు గనిలో, అలా కాదు. గ్యాస్ ఉన్న భూగర్భ గనుల్లో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచే సెన్సర్లు లోపల పెడతారు. వాటి తీగలు పైకి వస్తాయి, పైన ఒక గదిలో కంప్యూటర్ తెర మీద అంకెలు కనబడతాయి. లోపల మామూలు కంప్యూటర్ పెట్టకూడదు, దాని స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. నియమాల ప్రకారం 1.25 శాతం దాటగానే అక్కడ కరెంటు ఆపేయాలి. ఆ అంకెలు చూపించే పైనున్న కంప్యూటర్ మీద ఇంకే పనీ చేయకూడదు. సెలవు చీటీలు కొట్టడం, రిపోర్టులు తీయడం, ఏదీ వద్దు. అలారం కిటికీని ఎవరూ మూసేయలేకుండా, చిన్నది చేయలేకుండా, శబ్దం తగ్గించలేకుండా ఉండాలి. ఎవరు చూశామని ఒప్పుకున్నారో పేరుతో నమోదయ్యేదాకా అది మోగుతూనే ఉండాలి.

అయినా ప్రాణం ఆ కంప్యూటర్ చేతిలో పెట్టకూడదు. కరెంటు ఆపే పని యంత్రం దగ్గరే జరగాలి. బొగ్గు కోసే లాంగ్‌వాల్ షియరర్ లాంటి యంత్రాల మీదనే మీథేన్ కొలిచే పరికరం ఉంటుంది, హద్దు దాటితే అక్కడికక్కడే యంత్రాన్ని ఆపేస్తుంది, పైకి అడగదు. పైనున్న తెర మనుషులు చూడటానికి. ఎంత గట్టిగా కట్టేసినా మామూలు కంప్యూటర్ మామూలు కంప్యూటరే.

ఎవరు లోపల ఉన్నారన్న లెక్క కూడా ఇలాంటిదే. ఏ క్షణంలో అడిగినా భూగర్భంలో ఉన్న ప్రతి మనిషి పేరూ రిజిస్టర్ చెప్పగలగాలని 1952 గనుల చట్టంలో ఉండేది. కంప్యూటర్లు రాకముందు, గనిలోకి దిగేవాళ్లకు ల్యాంపులు ఇచ్చే ల్యాంప్ రూంలో బిళ్లలతో చేసిన పని అది. షిఫ్టు ముగిశాక ఏ నంబరు ల్యాంపు తిరిగి రాలేదో చూస్తే లోపల ఎవరు మిగిలారో తెలిసేది. కరెంటు అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు. హాజరు యంత్రాలు వచ్చాక కూడా ఆ బిళ్లలను తీసేయవద్దనేది నా అభిప్రాయం, రెండూ ఉండనివ్వండి.

హాజరు యంత్రం కార్మికుడికి ఇంకో రకంగా కూడా ముఖ్యం. ఆ 1952 చట్టంలో భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదిలో 190, పైన పనిచేసేవాళ్లకు 240 మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే జీతంతో కూడిన సెలవు లెక్కలోకి వచ్చేది. 189 దగ్గర ఆగిపోయినవాణ్ణి అడగండి ఒక్క మస్టర్ విలువేమిటో. ఒకే పని చేసే హాజరు కంప్యూటర్ పెట్టేటప్పుడు దాని మీద ఒక్క తెర అదనంగా పెట్టండి. వేలు పెట్టగానే ఇవాళ్టి మస్టర్ పడిందా లేదా, ఈ ఏడాది ఇప్పటికి ఎన్ని పడ్డాయో తెలుగులో, దూరం నుంచి కనబడేంత పెద్ద అంకెల్లో చూపించాలి. క్లర్కు కిటికీ దగ్గర సగం గొడవలు తగ్గుతాయి.

ఖర్చు సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11కు సరిపోవని మూలన పడేస్తున్న కంప్యూటర్లు ఇప్పుడు ప్రతి ఆఫీసులో ఉన్నాయి. ఒక్క పనికి కట్టేయడానికి అవే బంగారం. లినక్స్ వేస్తే రెండు జీబీ మెమరీ ఉన్నదైనా కాటా తెర నడుస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదంటే నెట్ తీగ తీసేసి, పెన్‌డ్రైవ్ దారి మూసి నడపండి. కొత్తది కొన్నా పాతది వాడినా ఒకేలాంటివి రెండు తయారు చేయండి. రెండోది గుడ్డ కప్పి పక్కన పెట్టండి. ప్రింటరు మాత్రం డాట్ మ్యాట్రిక్స్ ఉంచండి, కార్బన్ కాగితం మీద మూడు ప్రతులు కొట్టేది ఇంకా అదే.

ఇంట్లో ఫోనుకు కూడా ఇదే విద్య ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2014 నుంచి యాప్ పిన్ అనే సౌకర్యం ఉంది. మనవడికి బొమ్మల వీడియో పెట్టి పిన్ చేసి ఇస్తే వాడు దాంట్లోంచి బయటికి వచ్చి మీ ఆఫీసరుకు ఫోన్ కొట్టడు.

ఇక కాటా గదిలో పని అయ్యాక పరీక్ష. అంతా అమర్చానని మీ కుర్రాడు చెప్పాక, బండ్లు లేని వేళ చూసి, మెయిన్ స్విచ్ తీసేయండి. పద్ధతిగా షట్‌డౌన్ చేయవద్దు, కరెంటు పోయినట్టే తీసేయండి. యూపీఎస్ ఉంటే దాన్నీ తీసేయండి. కాసేపు ఆగి మళ్లీ వేయండి. ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండా కాటా తెర రావాలి, తేదీ సరిగా ఉండాలి, పొద్దుటి నుంచి తూచిన బండ్లు జాబితాలో ఉండాలి. తర్వాత ఒక మనిషిని కాటా మీద నిలబెట్టి చూడకండి, పెద్ద కాటాలు చాలావరకు పది, ఇరవై కిలోల మెట్లలోనే లెక్కిస్తాయి, అరవై కిలోల మనిషితో సరిగా ఏమీ తేలదు. ఒక బండినే ఎక్కించి చీటీ తీయండి. ఈ పరీక్ష నెలకోసారి చేయండి, వానాకాలంలో పిడుగులు పడే రోజుల్లో ఇంకా తరచుగా. చేతి రసీదు పుస్తకం, రెండు పెన్నులు సొరుగులో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.